చివరి తలుపుకు కారణం

ఆడేవాడి వెనక నిలబడ్డవాడికి నోరుండకూడదు. ఇది మా అన్నయ్య పెట్టిన రూలు. ఇరవై రెండేళ్ళ కిందట మా మొదటి ఆట చేసినప్పుడు పెట్టాడు, ఇప్పటికీ కాగితం మీద రాసి గోడకు అంటించి మరీ పాటిస్తున్నాడు. అందుకే ఆ రోజు పొద్దున్న పది గంటలకు లెక్కల మాస్టారు మా గదిలోకి వచ్చి, కుర్చీ ఎత్తు సరిచేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చున్న దగ్గర్నుంచి మేం ముగ్గురం నోళ్ళు కుట్టేసుకుని గోడవారగా నిలబడ్డాం.

ముగ్గురం అంటే అన్నయ్య, వదిన, నేను. ఆటలోని చిక్కుముళ్ళు అన్నయ్య అల్లుతాడు. బొమ్మలు వదిన గీస్తుంది. కోడ్ నేను రాస్తాను. ఇస్త్రీ దుకాణం మీద రెండు గదులు మా ఆఫీసు. కింద వాళ్ళు ఆవిరి వదిలినప్పుడల్లా మా కాళ్ళ కింద నేల వెచ్చబడుతుంది. ఆ రోజు మాత్రం నా కాళ్ళు ఎంతకీ వెచ్చబడలేదు.

మాది అడ్వెంచర్ గేమ్. తుపాకులుండవు, పరుగులుండవు. గదులుంటాయి, గదుల్లో వస్తువులుంటాయి. ఏ వస్తువు ఎక్కడ వాడాలో బుర్ర పెట్టి కనుక్కుంటే తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే అక్కడే కూర్చోవాలి. ఇలాంటివి జనం ఒకప్పుడు తెగ ఆడేవారు, తర్వాత మానేశారు. మానేసినవాళ్ళకే కాస్త వయసొచ్చాక మళ్ళీ వాటి మీద బెంగ పట్టుకుంది. మా మొదటి ఆట పేరు ‘ఉప్పుగోదాము’. దానికి రెండో భాగం చేస్తాం, క్రౌడ్‌ఫండింగ్‌లో తలా కొంచెం వేసుకోండి అని అన్నయ్య ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెడితే నాలుగు వేలమంది వేసుకున్నారు.

వేసుకున్న ప్రతివాడూ ఒకే మాట రాశాడు, పాతకాలం ఆటలా ఉండాలని. పాతకాలం అంటే ఏమిటి నాయనా అని అడిగితే మాత్రం తలో దారి పట్టారు. ఒకాయనకు బొమ్మలు గళ్ళుగళ్ళుగా కనిపించాలట. ఒకావిడకు సంగీతం కీచుమనాలట. బాణం గుర్తులొద్దు, సాయం చేసే మీట వద్దు, మమ్మల్ని చంటిపిల్లల్లా చూడొద్దు. ఇచ్చింది గోరంత, అడిగింది కొండంత అని నేను తిట్టుకున్నాను గానీ పైకి అనలేదు. వాళ్ళందరూ ఒప్పుకున్న సంగతి ఒక్కటే. గంట లాంటిది ఇంకొకటి కావాలి.

ఆ గంట సంగతి చెప్పాలి. పాత ఆటలో గోదాము గోడకు ఒక గడియారం ఉంటుంది. దానికి తాళం తిప్పితే గంట మోగి నేలమాళిగ తలుపు తెరుచుకోవాలి. మోగదు. గది బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చి, అలా మూడోసారి వచ్చాక తిప్పితే అప్పుడు మోగుతుంది. మూడుసార్లే ఎందుకో ఆటలో ఎక్కడా చెప్పలేదు. జనం నెలల తరబడి జుట్టు పీక్కున్నారు. చనిపోయిన కాపలావాడికి ముగ్గురు కూతుళ్ళు కదా, ఒక్కో రాకా ఒక్కో కూతురి కోసం అని ఒకాయన పన్నెండు పేజీలు రాశాడు. ఇంత లోతైన చిక్కుముడి ఇంతవరకు ఎవరూ వెయ్యలేదని ఒక పత్రిక తేల్చేసింది. ఆ పత్రికవాళ్ళు అడిగితే మా అన్నయ్య, “దాని మీద ఆరు నెలలు ఆలోచించాను” అని చెప్పాడు.

అది నా తప్పు. కోడ్‌లో పొరపాటు, అంతే. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఇంకో గదిలో ఒక కుక్క ఉంటుంది. మనిషి మూడుసార్లు వచ్చాక అలవాటుపడి మొరగడం మానేస్తుంది. ఆ కుక్క కోసం రాసిన వరసల్నే బద్ధకం కొద్దీ కాపీ చేసి గడియారానికి తగిలించాను. కుక్కను తీసేశాను, మూడును తియ్యడం మరిచాను. అది మా కంట పడకపోవడానికి కారణం మా పరీక్షించే పద్ధతి. మేమెవరమూ ఆటను బుద్ధిగా మొదటి నుంచి ఆడేవాళ్ళం కాదు, గదుల్లోకి గెంతుతూ పోయేవాళ్ళం. గడియారం దగ్గర తాళం తిప్పేసరికే ఆ గదికి పదిసార్లు వెళ్ళొచ్చి ఉండేవాళ్ళం. తిప్పగానే గంట ఠంగుమనేది.

గంట గురించి ఆడేవాళ్ళ ఉత్తరాలు మొదలయ్యాక అన్నయ్య నన్ను పిలిచి, “గంట అలా ఎందుకు పెట్టావే?” అని అడిగాడు. డిస్కులు అప్పటికే దుకాణాలకు చేరిపోయాయి. “అలా ఉంటేనే బాగుంటుందనిపించింది” అన్నాను. అన్నయ్య నన్ను కాసేపు చూసి ఊరుకున్నాడు. ఆ జవాబుతో అది నా తెలివేనని ఆయనకు నమ్మకం కుదిరిపోయింది. తర్వాత పత్రికలో ఆరు నెలల ముక్క చదివి నేనూ ఊరుకున్నాను.

ఆ కంపెనీ మూతబడ్డాక అన్నయ్య పద్దెనిమిదేళ్ళు పార్కింగ్ టికెట్ల యంత్రాలకు తెరలు తయారుచేశాడు. నాణెం వేయండి, టికెట్ తీసుకోండి, ధన్యవాదాలు. పద్దెనిమిదేళ్ళు ఆ మూడు ముక్కలే. ఇప్పుడు ఆయనకు యాభై రెండు. ఈ ఆట నిలబడకపోతే మళ్ళీ ఆ యంత్రాల దగ్గరికే. అది ఆయన అనలేదు, వదిన అంది. వదిన నోట్లో నువ్వుగింజ నానదు.

ఇక రెండో ఆట సంగతి. “మొత్తం నేను అల్లుతాను, చివరి తలుపు మాత్రం నువ్వే కట్టు” అన్నాడు అన్నయ్య. “గంట లాంటిది. నాకు కూడా చెప్పకు.” ఏడాది కుస్తీ పట్టాను. నలభై ఆలోచనలు రాసుకున్నాను. అన్నింటికీ కారణాలున్నాయి, కారణం ఉన్నదాన్ని ఎవడో ఒకడు పట్టేస్తాడు. గంట లాంటిది రావడం లేదు. ఎలా వస్తుంది, గంటను ఎవరైనా ఆలోచిస్తే కదా. ఇప్పటికే మూడుసార్లు వాయిదా వేశామని జనం కస్సుమంటున్నారు. చివరి వారంలో కళ్ళు మూసుకుని ఒకటి పెట్టేశాను. ఇనుప తలుపు పక్కన కొక్కెం ఉంటుంది, కథానాయకుడి దగ్గర రెయిన్‌కోటు ఉంటుంది. కోటును కొక్కేనికి తగిలించి తియ్యాలి, ఐదుసార్లు. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. మూడు పెడితే పట్టేస్తారని ఐదు పెట్టాను.

అన్నయ్య రెండు రోజులు దాని ముందు కూర్చుని ఓడిపోయాడు. ఓడిపోయి, “మళ్ళీ కొట్టావే” అని నా నెత్తి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు నాకు ఇంకా గుర్తుంది.

మాస్టారి సంగతి ఏమిటంటే, మా పేజీలో అన్నయ్య ఒక మాట ఇచ్చాడు. విడుదలకు ముందు మీలో ఒకరు వచ్చి మొదటి నుంచి చివరిదాకా ఆడతారు, ఆయన సరే అంటేనే విడుదల. నాలుగు వేలమందీ ఓట్లు వేసి ఈయన్ను పంపారు. అరవై ఏడేళ్ళ మనిషి, లెక్కలు చెప్పి రిటైరయ్యారు, పాత ఆటల గురించి ఇరవై ఏళ్ళుగా రాస్తున్నారు. చేతిలో ఒక నోటుపుస్తకం, పెన్సిలు, రబ్బరు. ఆయన పక్కన బల్ల మీద అన్నయ్య ఒక కాగితం పెట్టాడు. దాని మీద రెండు గళ్ళు. అవును, కాదు.

మధ్యాహ్నం దాకా అంతా సాఫీగా నడిచింది. మాస్టారు ప్రతి వాక్యం చదివారు, ప్రతి సొరుగూ లాగారు. ఒకచోట తూము లోంచి నీళ్ళు మళ్ళించి త్రాసు సరితూగేలా చెయ్యాలి. అది అన్నయ్య అల్లినది. మాస్టారు పెన్సిలుతో చిన్న లెక్క వేసుకుని, విప్పేసి, తనలో తాను నవ్వుకున్నారు. వదిన చున్నీ చివర నోట్లో కుక్కుకుంది. అన్నయ్య నా మోచెయ్యి గిల్లాడు. రెండూ పది అయ్యేసరికి మాస్టారు చివరి తలుపు దగ్గరికి వచ్చారు.

మొదట చేత్తో తోశారు. తాళంచెవులు ఒక్కొక్కటీ పెట్టి చూశారు. దీపం ఎత్తి తలుపు మీద అక్షరాలేమైనా ఉన్నాయా అని చూశారు. నూనె పోశారు. తలుపు కింది సందులో అద్దం పెట్టి అవతలి వైపు చూడబోయారు. అది భలే ఆలోచన. నాకు తట్టి ఉంటే ఆ అద్దంలో ఏదో ఒకటి కనిపించేలా పెట్టేదాన్ని. ఆయన చేసే ప్రతి పనికీ అర్థముంది. మేం కట్టిన ఆటను ఆయన ఒక్కో ప్రశ్నా మర్యాదగా అడుగుతున్నారు, ఆట మాత్రం ‘అది కుదరదు’ అని ఒకే జవాబు ఇస్తోంది. ఆ జవాబు రాసింది నేనే.

మూడయింది. మూడున్నర అయింది. కింద ఆవిరి రెండుసార్లు బుస్సుమంది.

మాస్టారు రెయిన్‌కోటు తీసి కొక్కేనికి తగిలించారు. తీశారు. మళ్ళీ తగిలించారు, తీశారు. పాత గంట గుర్తొచ్చినట్టుంది, పెన్సిలు కొనతో గాలిలో మూడు అని చూపుకుని ఇంకోసారి తగిలించి తీశారు. ఇంకో రెండుసార్లు చాలు. ఆయన చెయ్యి మౌసు మీదే ఉంది. తగిలించండి మాస్టారూ, తగిలించండి అని నా లోపల ఎవరో అరుస్తున్నారు. ఆయన తెరవైపు కాసేపు చూసి, పుస్తకంలో ‘కోటు’ అని రాసి, దాని మీద గీత కొట్టేశారు.

నాలుగున్నరకు ఆయన కుర్చీని మావైపు తిప్పారు.

“నియమం మీది, నేను తప్పుతున్నాను. ఏమీ అనుకోకండి,” అన్నారు. “ఒక్కటే అడుగుతాను. జవాబేమిటో చెప్పొద్దు. ఈ తలుపుకు కారణం ఉందా, లేదా?”

అన్నయ్య ఇక ఆగలేకపోయాడు. “ఉంది మాస్టారూ. మా చెల్లెలు కట్టింది కదా, లేకుండా ఎలా ఉంటుంది? గంట కూడా...” అని, ఎందుకో అక్కడే ఆగిపోయాడు.

మాస్టారు నావైపు తిరిగారు. “కట్టింది మీరా అమ్మా? అయితే మీరే చెప్పండి. ఉంది అంటే చాలు, ఇప్పుడే అవును మీద టిక్కు పెట్టేస్తాను. తలుపు ఇంటికెళ్ళి విప్పుకుంటాను. నెల పట్టినా సరే, ఆరు నెలలు పట్టినా సరే. నాకు తొందరేమీ లేదు.”

ఒక్క మాట. ఉంది అంటే ఆట విడుదలవుతుంది, అన్నయ్య గెలుస్తాడు. ఎప్పటికో ఒక రోజు ఎవడో ఒకడు పొరపాటున ఐదోసారి కోటు తగిలిస్తాడు. దానికీ పన్నెండు పేజీల అర్థం వాళ్ళే రాసుకుంటారు. జనం సంగతి నాకు తెలుసు. వదిన నా ముఖంలోకే చూస్తోంది. నాలుక కొస దాకా వచ్చింది ఆ మాట. కానీ ఆ పెద్దాయన ముందు తెరిచి ఉన్న పుస్తకంలో రెండు పేజీల నిండా ప్రయత్నాలున్నాయి, అన్నీ వరస నంబర్లు వేసి, ముచ్చటైన దస్తూరీతో. ఈ మనిషిని ఇంటికి పంపి ఆరు నెలలు ఆ కొక్కెం ముందు కూర్చోబెట్టాలా?

“లేదు,” అన్నాను.

అన్నయ్య నవ్వాడు, నేను మాస్టారిని ఆట పట్టిస్తున్నాననుకుని.

“లేదన్నయ్యా. కోటు ఐదుసార్లు తగిలించి తియ్యాలి. ఎందుకు ఐదంటే ఊరికే. నాకేమీ తోచక పెట్టాను.”

మాస్టారు పెన్సిలు కింద పెట్టారు. “అదేమిటమ్మా? గంట కట్టిన చెయ్యి ఇలాంటి పని చెయ్యదే.”

అక్కడితో ఆగిపోవచ్చు. చివరి తలుపు ఒక్కటీ చెడింది, బాగు చేస్తాం అంటే సరిపోయేది. కానీ ఇరవై రెండేళ్ళుగా నేను తేలు కుట్టిన దొంగలా ఉన్నాను, ఇక నాకు ఓపిక లేదు. కుక్క సంగతి చెప్పాను. కాపీ చేసిన వరసల సంగతి, తియ్యడం మరిచిన మూడు సంగతి, మేం గదుల్లోకి గెంతుతూ పరీక్షించిన సంగతి, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ మాస్టారి బూట్లే చూస్తున్నాను. అన్నయ్య వైపు చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

తెర మీద కథానాయకుడు ఇంకా తలుపు ముందు నిలబడి, వదిన గీసినట్టే, తల గోక్కుంటున్నాడు.

“ఆ గంట దగ్గర నేను ఏడు నెలలున్నాను,” అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు. “ఒకబ్బాయిని కొట్టానని నన్ను స్కూలు నుంచి పక్కన పెట్టిన రోజులు. కొట్టలేదు. విచారణ తేలేదాకా ఇంట్లోనే ఉండమన్నారు. నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు. పొద్దున్నే లేచి గంట దగ్గర కూర్చునేవాణ్ణి. దీన్ని ఎవరో కూర్చుని ఆలోచించారు, నాలాంటివాడు వచ్చి విప్పుతాడని నమ్మి పెట్టారు, అది చాలు అనుకునేవాణ్ణి. ఆ ఏడు నెలలూ నాకు మాట్లాడే మనిషి దొరికినట్టే ఉండేది.”

“మాస్టారూ,” అంది వదిన.

“అవతల ఎవరూ లేరన్నమాట,” అన్నారాయన.

నాకు కన్నీళ్ళు ఆగలేదు. క్షమించండి అన్నాను. ఆయన కాగితం దగ్గరకు లాక్కుని, ‘కాదు’ అన్న గడిలో టిక్కు పెట్టారు. పెన్సిలుతో పెట్టినది చెరిగిపోతుందని అనిపించిందేమో, బల్ల మీద ఉన్న పెన్ను తీసుకుని దాని మీదే మళ్ళీ దిద్దారు. పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు.

“‘కాదు’ పెట్టింది గంట తప్పని మీరు చెప్పినందుకు కాదమ్మా,” అన్నారు తలుపు దగ్గర. “మీరు చెప్పి ఉండకపోతే కారణం లేని తలుపుకే అవును అనేవాణ్ణి, అందుకు.”

వదిన ఆయన్ను కింద దాకా దిగబెట్టడానికి వెళ్ళింది. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా అన్నయ్య, నేను కదల్లేదు.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన మాస్టారు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

“ఆరు నెలలు ఆలోచించానని పత్రికలో ఎందుకు చెప్పానో తెలుసా? అడిగితే నోట్లోంచి వచ్చేసింది,” అన్నాడు. “అది నీది, నేను నాదని చెప్పుకున్నాను. చెల్లెలి తెలివిని కాజేసిన వెధవని అనుకుంటూ బతికాను ఇన్నేళ్ళూ. చివరి తలుపు నీకెందుకు ఇచ్చాననుకున్నావ్? ఈసారైనా నీ పేరు వెయ్యాలని.”

ఆయన దొంగిలించాననుకున్న సొమ్ము అసలు లేనే లేదు. ఇద్దరం ఒకే ఇంట్లో పెరిగాం, ఒకే గదిలో పనిచేశాం, ఒక్కసారి నోరు విప్పి ఒకరినొకరు అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. ఆ రూలు పెట్టింది ఆడేవాళ్ళ వెనక నిలబడేవాళ్ళ కోసం. మేం దాన్ని బతుకంతా పాటించాం.

“నాలుగు వేలమందికి రాయాలి,” అన్నాడు. “విడుదల ఆగిందని. ఎందుకాగిందో కూడా రాద్దాం. గంట సంగతి నువ్వు రాయి, ఆరు నెలల సంగతి నేను రాస్తాను.”

“అది వద్దన్నయ్యా. నా తప్పు వరకు చాలు. నీ పేరు పోతుంది.”

“పోయేది నాది కానిదేగా,” అన్నాడు.

పక్కపక్కన కూర్చుని రాశాం. నా ముక్క ఆరు వాక్యాలు, ఆయన ముక్క రెండు. వదిన పైకి వచ్చి, మా భుజాల మీదుగా చదివి, ఒక్క మాట అనకుండా కిటికీ దగ్గర కూర్చుంది. పంపే మీట మీద వేలు పెట్టి అన్నయ్య ఆగాడు.

“పాత ఆటలో తలుపులు మొత్తం పదిహేను కదా.”

“అవును.”

“గంట పోతే పద్నాలుగు. అవన్నీ నేను కట్టినవే. ఒక్కోదానికి రాత్రింబవళ్ళు కూర్చున్నాను. అన్నింటికీ కారణాలున్నాయి.” ఆయన నావైపు తిరిగాడు. ఆ ముఖంలో కోపం లేదు, అసలేమీ లేదు. “వాటి గురించి ఒక్క ఉత్తరం కూడా రాలేదే.”

నిజమే. ఇరవై రెండేళ్ళలో ఒక్కటీ రాలేదు. వచ్చినవన్నీ గంట మీదే వచ్చాయి.

“విప్పేసుకుని ముందుకు పోయారన్నయ్యా,” అన్నాను.

ఆయన తలూపాడు. ఉత్తరం పంపేసి, బల్ల సొరుగులోంచి తెల్లకాగితం ఒకటి తీసి, చివరి తలుపు ఎలా తెరుచుకోవాలో రాయడం మొదలుపెట్టాడు.